ఆరు ఫ్యాన్ల హోరు, డెబ్బై ఏడు రోజులు

2025 మే 25, ఆదివారం. తెల్లవారుజామున ఐదున్నరకు, వీధిలో ఆటోల రొద మొదలు కాకముందే నేను మొదటి పాఠం రికార్డు చేశాను. ఒడిశాలోని పర్లాకిమిడిలో చాలా ఏళ్లు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకునే పిల్లలు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల కోసం అక్షరాలు, ఉచ్చారణ, చిన్న చిన్న పద్యాలు కలిపి పన్నెండు పాఠాలు చేయాలనీ, గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఈ ఊళ్లో ఆయన జయంతి అయిన ఆగస్టు 29 నాటికి వాటిని పిల్లల చేతికి ఇవ్వాలనీ సంకల్పించుకున్నాను. మొదటి పాఠం శ, ష, స. ఒడియాలో మూడు అక్షరాలూ ఉన్నా మాటల్లో మూడూ దాదాపు "స"గానే పలుకుతాయి కనుక, మా పిల్లలకు అన్నిటికంటే ముందు చెవికి అలవాటు కావలసిన తేడా ఇదే.

చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ రికార్డు వింటే నా గుండె జారిపోయింది. మాటకూ మాటకూ మధ్య ఆగని హోరు. గాలి చీలిపోతున్నట్టు "స్స్స్" అనే ఆ చప్పుడు సరిగ్గా శకార షకారాలు ఉండే చోటనే పరుచుకుని ఉంది. "శంఖం" అన్నానో "సంఖం" అన్నానో నాకే తెలియలేదు. శబ్దాన్ని తొలగించే ప్రోగ్రాంతో హోరును తీసేస్తే దానితోపాటు శకారం కూడా సగం పోయి, రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు మిగిలింది.

ఆ హోరు వారం కిందట, మే 18న, బరంపురంలోని ఒక దుకాణంలో నేను 47,500 రూపాయలకు కొన్న కంప్యూటర్‌ది. ప్రాసెసర్ రైజెన్ 5 5600జి, వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు. గాజు తలుపున్న క్యాబినెట్‌లో ముందు మూడు, పైన రెండు, వెనక ఒకటి, మొత్తం ఆరు ఫ్యాన్లు రంగురంగుల దీపాలతో బిగించే ఉన్నాయి. ఫ్యాన్లు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదని దుకాణంలో చెప్పారు, నేనూ నమ్మాను.

మొదటి రెండు వారాలూ నేను చేసినవన్నీ పైపై ప్రయత్నాలే. కంప్యూటర్‌ను బల్ల కిందికి మార్చాను, మైకు చుట్టూ బొంత కట్టాను, గదిలో సీలింగ్ ఫ్యాను ఆపి చెమటలు కక్కుతూ చదివాను. విశాఖపట్నంలో ఉన్న మా మేనల్లుడు ఫోన్లో చెప్పగా బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలయ్యే ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలోకి, వెళ్లి ఫ్యాన్ల వేగం అన్న చోట అన్నిటికీ "సైలెంట్" అని పెట్టాను. ప్రాసెసర్ మీది చిన్న ఫ్యాను నెమ్మదించింది, మిగతా ఆరింటిలో చలనం లేదు. బయోస్ తెరలో ఆ ఆరింటి పేర్ల ఎదురుగా వేగం సున్నా అని చూపిస్తోంది. కళ్లెదుట గిర్రున తిరుగుతున్న ఫ్యానుకు సున్నా ఎలా వస్తుందన్నది ఆలోచించి ఉంటే రెండు వారాలు మిగిలేవి. కంప్యూటర్ లోపలి ప్రధాన పలక అయిన మదర్‌బోర్డుకు ఆ ఫ్యాన్లు ఉన్నాయన్న సంగతే తెలియదు.

జూన్ 8న కరెంటు తీసేసి, వెనక వైపు రేకు తలుపు విప్పాను. ఆరు ఫ్యాన్ల నుంచి వచ్చిన ఆరు తీగలూ అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన ఒక నల్ల డబ్బాలోకి వెళ్తున్నాయి. ప్రతి తీగ చివరా ఆరు రంధ్రాల ప్లగ్గు. అది మదర్‌బోర్డు మీద ఎక్కడా పట్టదు. ఆ డబ్బాకు పవర్ సప్లై నుంచి లావుపాటి నాలుగు పిన్నుల తీగ ఒక్కటే వచ్చింది. బోర్డు వైపు ఒక్క తీగ కూడా పోవడం లేదు. చేతికిచ్చిన రిమోటు దీపాల రంగు మార్చడానికే తప్ప వేగానికి సంబంధం లేదు. అంటే పన్నెండు వోల్టులు నేరుగా అందుకుని, కంప్యూటర్ పని చేస్తున్నా ఊరికే ఉన్నా, ఆరూ పూర్తి వేగంతో తిరగవలసిందే. దుకాణానికి ఫోన్ చేస్తే మూడు రోజులకు జవాబు వచ్చింది: "ఫుల్ స్పీడ్‌లో తిరిగితే మెషీన్‌కే మంచిది కదా మేడమ్." నాకు కోపం కంటే బాధ ఎక్కువ కలిగింది.

ఆ వారమంతా రాత్రిళ్లు మేనల్లుడితో వీడియో కాల్‌లో కూర్చుని నేర్చుకున్నది రెండు మాటల్లో చెబుతాను, ఎందుకంటే కొనేముందు తెలియవలసింది ఇదే. ఫ్యాన్ తీగకు మూడు పిన్నులుంటే ఒకటి భూమి (ఎర్త్), ఒకటి పన్నెండు వోల్టులు, ఒకటి తన వేగాన్ని బోర్డుకు చెప్పుకునేది. ఒక చుట్టుకు రెండు స్పందనల చొప్పున బోర్డు లెక్కపెట్టుకుంటుంది. ఇలాంటి ఫ్యానును నెమ్మదింపజేయాలంటే వోల్టేజీ తగ్గించడం ఒక్కటే దారి, బయోస్‌లో దాన్ని డీసీ పద్ధతి అంటారు. నాలుగో పిన్ను ఉంటే వోల్టేజీ ఎప్పుడూ పన్నెండే ఉంటుంది. ఆ నాలుగో తీగలో సెకనుకు సుమారు 25,000 సార్లు వెలిగి ఆరే సంకేతం వెళ్తుంది, అందులో వెలుగు వంతు ఎంత ఉంటే వేగం అంత. దాన్ని పీడబ్ల్యూఎం అంటారు. ఆ నాలుగో తీగకు ఏ సంకేతమూ అందకపోతే ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతుంది.

జూన్ 16న 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ఐదు, ఒక్కొక్కటి 640 రూపాయలకు, ఆన్‌లైన్‌లో తెప్పించాను. 21న వస్తాయన్నారు. బరంపురం దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. 27న రథయాత్ర, ఆ ముందూ వెనకా ఎవరూ కదల్లేదు. చివరికి జులై 1న చేతికి అందాయి. తరువాత కొన్న హబ్‌ను (చాలా ఫ్యాన్లను ఒకేచోట తగిలించే పెట్టె), ఒక స్ప్లిటర్‌ను (ఒక సాకెట్‌కు రెండు ఫ్యాన్లను తగిలించే తీగ) సరిహద్దు అవతల పాతపట్నంలో ఉన్న మా పిన్ని కూతురి ఇంటికి తెప్పిస్తే మూడో రోజుకే వచ్చాయి. ఆటోలో వెళ్లి తెచ్చుకున్నాను. పర్లాకిమిడి వాళ్లకు అవతల బంధువులుంటే ఆ చిరునామాయే ఇవ్వమని చెబుతాను.

హబ్ సంగతి మేనల్లుడి సలహా. "అత్తా, బోర్డు మీద సాకెట్లు సరిపోవు. ఒక సాకెట్ ఒక ఆంపియర్ కంటే ఎక్కువ ఇవ్వదు. హబ్ పెట్టెయ్, కరెంటు పవర్ సప్లై నుంచి తీసుకుంటుంది, సంకేతం మాత్రం బోర్డు నుంచి తీసుకుంటుంది, అన్నీ కలిసి ఒకే వేగంతో తిరుగుతాయి" అన్నాడు. 780 రూపాయలు. అతను చెప్పినది నిజమే, అయితే నా పనికి అది అవసరమా లేదా అన్నది ఇద్దరం లెక్క వేసుకోలేదు. ఫ్యాను చట్రం వెనక అంటించిన చీటీ మీద 0.18 ఆంపియర్లు అని ఉంది. ఐదు కలిపినా 0.9.

జులై 6, ఆదివారం, పాతవి ఆరూ విప్పి కొత్తవి బిగించడానికి పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండున్నర వరకు పట్టింది. ముందు రెండు, వెనక ఒకటి, పైన రెండు. వెనక ఫ్యానును మొదట తలకిందులుగా బిగించాను. గాలి బయటికి పోవడానికి బదులు లోపలికి వస్తోంది. అగరుబత్తి పొగ పెట్టి చూస్తే తెలిసింది. మోటారును పట్టి ఉంచే అడ్డ కాళ్లు ఏ వైపు ఉంటే గాలి ఆ వైపుకు పోతుంది. ఈ ఒక్క గుర్తు చాలు.

అన్నీ హబ్‌కు పెట్టి, హబ్ తీగను ప్రాసెసర్ ఫ్యాను సాకెట్‌కు తగిలించి మీట నొక్కగానే నల్ల తెర మీద ప్రాసెసర్ ఫ్యాను పని చేయడం లేదనీ, కొనసాగాలంటే ఎఫ్1 నొక్కమనీ వచ్చింది. ఫ్యానేమో తిరుగుతూనే ఉంది. గంటన్నర తీగలన్నీ తీసి పెట్టి చూశాక కారణం దొరికింది: హబ్‌లో ఎన్ని చోట్లున్నా, వేగాన్ని బోర్డుకు తిరిగి చెప్పేది ఎర్ర రంగు వేసిన మొదటి చోటు ఒక్కటే. రెండు ఫ్యాన్లు ఒకేసారి తమ లెక్క చెబితే బోర్డుకు అర్థం కాదు కనుక మిగతా వాటిలో ఆ పిన్నునే తీసేస్తారు. నేను ఆ మొదటి చోటునే ఖాళీగా వదిలాను. ప్రాసెసర్ ఫ్యానును దానికి మార్చగానే హెచ్చరిక పోయింది.

హోరు మాత్రం పోలేదు. పైన పెట్టిన రెండు ఫ్యాన్లు మునుపటిలాగే అరుస్తున్నాయి. దగ్గరికి వెళ్లి తీగ చివర చూస్తే మూడే పిన్నులు. ఐదూ ఒకే రకమని తెప్పించిన వాటిలో రెండు ఫ్యాన్లు మూడేసి పిన్నులవి వచ్చాయి. పెట్టె మీద పేరు అదే, చివరి అక్షరం ఒక్కటే తేడా. హబ్ వాటికి పన్నెండు వోల్టులు ఇస్తుంది, నాలుగో పిన్ను లేదు కనుక తగ్గమని చెప్పే దారి లేదు. అమ్మినవాళ్లకు ఫోటోలు పంపాను. 10వ తేదీన జవాబు వచ్చింది, తిరిగి తీసుకునే ఏడు రోజుల గడువు 8తోనే ముగిసిందట. పెట్టె అందిన రోజే ఐదూ విప్పి పిన్నులు లెక్కపెట్టి ఉండవలసింది.

13వ తేదీన ఆ రెండింటినీ 160 రూపాయల స్ప్లిటర్‌తో బోర్డు మీది వేరే సాకెట్‌కు తగిలించి, ఆ సాకెట్‌ను బయోస్‌లో డీసీ పద్ధతికి మార్చాను. నలభై శాతం అని పెట్టాను, అంటే ఐదు వోల్టులకు కాస్త తక్కువ. ఒక ఫ్యాను తిరిగింది. రెండోది తిరగలేదు. తలుపు తీసి టార్చి వేసి చూశాను: రెక్క వేలెడంత దూరం కదిలి, "టిక్" మని వెనక్కు వచ్చి, మళ్లీ కదిలి, మళ్లీ వెనక్కు వచ్చేది, కాలు జారిన దూడ లేవడానికి పెనుగులాడుతున్నట్టుగా ఉంది. వేలితో మెల్లగా తోస్తే తిరిగి, ఆ తరువాత ఆగకుండా తిరిగింది. నడుస్తున్న ఫ్యానును నడిపించడానికి సరిపోయే వోల్టేజీ ఆగిన ఫ్యానును లేపడానికి సరిపోదన్నమాట. ఐదేసి శాతం పెంచుతూ, ప్రతిసారీ కంప్యూటర్ ఆపి ఐదు నిమిషాలు ఆగి మళ్లీ వేస్తూ చూశాను. యాభై ఐదు శాతం దగ్గర పదిసార్లకు పదిసార్లూ లేచింది. అయితే ఆ వేగంలో ఇంకా వినిపిస్తోంది. ఆ పూట ఒక్క వాక్యం కూడా రికార్డు చేయలేదు.

తరువాతి వారం నాకు అన్నిటికంటే విలువైన సంగతి తెలిసింది. ఫ్యాన్లన్నీ ప్రాసెసర్ వేడిని బట్టి తిరిగేలా బయోస్‌లో గీత గీశాను. ఊరికే ఉన్నప్పుడు ప్రాసెసర్ 46 డిగ్రీలు. రికార్డు మీట నొక్కగానే సెకనులో 63కు ఎగబాకి మళ్లీ దిగేది. దానితోపాటు ఫ్యాన్లూ ఊపిరి పీల్చినట్టు లేచి తగ్గేవి. మొత్తం శబ్దం మునుపటి కంటే చాలా తక్కువే, కానీ రికార్డు మునుపటి కంటే పాడైంది! శబ్దాన్ని తొలగించే ప్రోగ్రాం చేసే పని ఏమిటంటే, మనం మాట్లాడని రెండు మూడు సెకన్ల ముక్కను చూపిస్తే అందులోని హోరు తీరును గుర్తుపెట్టుకుని, మిగతా అంతటా దాన్నే తీసివేస్తుంది. హోరు ఒకే తీరుగా ఉంటే అది పని చేస్తుంది. లేస్తూ పడుతూ ఉంటే లేచిన చోట మిగిలిపోతుంది, పడిన చోట నా గొంతును కోసేస్తుంది. నాకు కావలసింది నెమ్మది ఒక్కటే కాదు, నిలకడ.

అందుకని ప్రాసెసర్ ఫ్యానును ఒక్కదాన్నే ప్రాసెసర్ వేడికి వదిలేసి, దానికీ 65 డిగ్రీల వరకు వేగం మారకుండా గీతను బల్లపరుపుగా చేశాను. క్యాబినెట్ ఫ్యాన్లను మదర్‌బోర్డు వేడికి ముడిపెట్టాను. బోర్డు వేడి 38 నుంచి 41కి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, తొందరపడదు. వేగం పెరగడానికీ తగ్గడానికీ ఎంతసేపు ఆగాలో చెప్పే అంకెను కూడా మా బోర్డు ఒప్పుకున్నంత పెంచాను. మధ్యలో విండోస్‌లో నడిచే ఒక ఉచిత ప్రోగ్రాంతో ఇదంతా చేయవచ్చని ప్రయత్నించాను కానీ, అది వాడే డ్రైవర్ సురక్షితం కాదని కంప్యూటర్ హెచ్చరించడంతో తీసేశాను. మా ఊళ్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్లీ తెరవవలసిన అవసరం లేని బయోసే నాకు నయమనిపించింది.

జులై 27కు హోరు తగ్గి, దాని కింద దాగి ఉన్న ఇంకొకటి బయటపడింది. "ఊఁ... ఊఁ... ఊఁ..." అని సెకనుకు రెండు మూడుసార్లు ఉబ్బి తగ్గే సన్నని మోత. సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది తెలుసు: రెండు తీగలు శ్రుతిలో వెంట్రుకవాసి తేడాగా ఉంటే ఇలాగే ఊగుతుంది. హబ్ నుంచి ముందు ఫ్యాన్లు రెండింటికీ ఒకే సంకేతం అందుతున్నా, విడివిడిగా ఎర్ర చోటులో పెట్టి చూస్తే ఒకటి నిమిషానికి 780, ఒకటి 800 చుట్లు తిరుగుతోంది. ఒక్కో ఫ్యానుకు ఏడు రెక్కలు. ఇరవై చుట్ల తేడాను ఏడుతో గుణించి అరవైతో భాగిస్తే 2.3, నేను చెవితో లెక్కపెట్టినదీ అంతే. కాగితం మీద ఆ అంకె వచ్చినప్పుడు కలిగిన సంతోషం ఇన్నాళ్ల శ్రమలో మొదటిది.

మందు కూడా అక్కడే ఉంది. రెండింటినీ ఒకే వేగానికి తేవడం సాధ్యం కాదు కనుక దూరంగా జరపాలి. కానీ హబ్ ఉన్నంతకాలం అన్నీ ఒకే సంకేతానికి కట్టుబడి ఉంటాయి. విడివిడిగా నడపాలంటే ఒక్కో ఫ్యానుకు ఒక్కో సాకెట్ కావాలి. బోర్డు మీద క్యాబినెట్ ఫ్యాన్లకున్నవి మూడు. వాటిలో ఒకదాన్ని పైన ఉన్న మూడు పిన్నుల జంట ఆక్రమించింది.

ఆగస్టు 3న ఆ జంటను ఊరికే పీకి చూశాను. గదిలో 33 డిగ్రీలు, సీలింగ్ ఫ్యాను లేదు. అరగంట సేపు వీడియో ఎగుమతి చేయించాను. పైవి తిరుగుతున్నప్పుడు ప్రాసెసర్ 74 డిగ్రీలు, పీకేశాక 77. ఈ ప్రాసెసర్‌కు తయారీదారులు చెప్పిన పరిమితి 95. ఆ మూడు డిగ్రీల కోసం నేను రెండు ఫ్యాన్లను, ఒక స్ప్లిటర్‌ను, రెండు ఆదివారాలను ఖర్చు చేశాను. గ్రాఫిక్స్ కార్డు లేని, 65 వాట్ల ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్‌కు ఆరు ఫ్యాన్లు ఏనాడూ అవసరం లేదు. పైవి విప్పేసి, ఆ జాలీ మీద దుమ్ము పడకుండా అయస్కాంతపు వల వేశాను. హబ్ కూడా తీసేశాను. మిగిలినవి మూడు ఫ్యాన్లు, మూడు సాకెట్లు.

ఫ్యాన్లు ఎన్ని ఉండాలో తేల్చుకోలేనివాళ్లు ఒక్క లెక్క గుర్తుంచుకుంటే చాలు. వేగం సగానికి తగ్గిస్తే వీచే గాలి సగమవుతుంది, శబ్దం మాత్రం దాదాపు 15 డెసిబెల్లు తగ్గుతుంది, వాడే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఒక ఫ్యానుకు అలాంటిదే ఇంకొకటి జత చేస్తే పెరిగే శబ్దం మూడు డెసిబెల్లే. కాబట్టి ఒకటి పూర్తి వేగంతో తిరగడం కంటే రెండు సగం వేగంతో తిరగడం ఎంతో మేలు. అయితే ఆ వేగం మన చేతిలో ఉండాలి.

ఆగస్టు 10, ఆదివారం నాటికి అంకెలు కుదిరాయి. ముందు కిందిది 620, ముందు పైది 800, వెనకది 700 చుట్లు. మూడూ బోర్డు వేడి 45 దాటేవరకు కదలవు. ఊగే మోత పూర్తిగా పోయింది. ఫోన్లోని శబ్దమాపకాన్ని మైకు ఉండే చోట పెట్టి చూస్తే, మేలో 47 చూపినది ఇప్పుడు 33 చూపింది. కంప్యూటర్ ఆపేస్తే 31. ఫోను చూపే అంకె ఖచ్చితమని అనను కానీ, అదే ఫోను, అదే చోటు కనుక తేడాను నమ్ముతాను. బయోస్ తెరలన్నీ ఫోటో తీసి, అంకెలను క్యాబినెట్ తలుపు లోపల చీటీ మీద రాసి అంటించాను. రేపు బయోస్ సెట్టింగులు చెరిగిపోతే ఇదంతా మళ్లీ వెతుక్కునే ఓపిక నాకు లేదు.

ఖర్చు మొత్తం 4,140 రూపాయలు. చివరికి క్యాబినెట్‌లో మిగిలిన మూడు ఫ్యాన్ల ధర 1,920. మిగతా 2,220 రూపాయల సామాను అట్టపెట్టెలో ఉంది. మూడు పిన్నుల ఫ్యాన్లను ఎవరికైనా పనికొస్తే ఇమ్మని మా వీధిలో మరమ్మతులు చేసే అబ్బాయితో అన్నాను, తీసుకెళ్తానన్నాడు.

11వ తేదీ తెల్లవారుజామున శ, ష, స పాఠాన్ని మళ్లీ మొదటినుంచి చదివాను. "శంఖం. షడ్జం. సముద్రం." హెడ్‌ఫోన్‌లో మూడూ మూడు రకాలుగా, నా నోట్లో నాలుక ఎక్కడ తగిలిందో కూడా తెలిసేటట్టు వినిపించాయి. ఏ ప్రోగ్రాంతోనూ శుభ్రం చేయవలసిన పని పడలేదు. మాటల మధ్య ఖాళీలో మాత్రం ఏదో సన్నగా కొట్టుకుంటోంది. మొదట వెనక ఫ్యాను మీద అనుమానపడి చేత్తో ఆపి చూశాను, అది కాదు. గోడ గడియారం. దాన్ని తీసి వరండాలో మేకుకు తగిలించి వచ్చి, రెండో పాఠం మొదలుపెట్టాను.